క్యాలెండర్‌లో మీటింగ్ పెట్టడం తేలికే, మనుషుల లిస్టు దగ్గరే అసలు పని

మా ఆఫీసు హనుమకొండలో, నక్కలగుట్ట వైపు. నలభై మందిమి. అందులో పది మంది ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు ఫీల్డ్‌లో తిరిగేవాళ్ళు, నలుగురు హైదరాబాద్‌లో కూర్చుంటారు, ఒక క్లయింట్ న్యూజెర్సీలో ఉంటారు. మొన్నమొన్నటి వరకు మా దగ్గర మీటింగ్ అంటే వాట్సాప్ గ్రూప్‌లో "రేపు పదకొండింటికి మీటింగ్, అందరు రావాలె" అని ఒక మెసేజ్, దాని కింద ఇరవై బొటనవేళ్ళు. తెల్లారి చూస్తే ఎనిమిది మంది. మిగతావాళ్ళకి ఫోన్ చేస్తే "అన్నా, నేను చూడలే" అని ఒకరు, "ఫీల్డోళ్ళకే అనుకున్న, మాక్కూడానా?" అని ఇంకొకరు. "అందరు" అని రాస్తే చదివే ప్రతి ఒక్కరూ తనని తప్ప మిగతా అందరినీ పిలిచారనుకుంటారు, ఇది నేను చాలాసార్లు చూశాను.

తర్వాత ఆఫీసు మెయిల్ గూగుల్‌కి మారింది, మీటింగులు పెట్టే పని నా నెత్తిన పడింది. నేను ఐటీ మనిషిని కాదు, చేస్తూ చేస్తూ నేర్చుకున్నాను, తప్పులు కూడా బాగానే చేశాను. కింద రాసేది ఎక్కువగా గూగుల్ క్యాలెండర్ గురించే. క్లయింట్ వాళ్ళు వాడేది మైక్రోసాఫ్ట్ వాళ్ళ అవుట్‌లుక్ కాబట్టి దాని గురించి కూడా మధ్యలో కొంచెం చెబుతాను.

ముందు పేర్లు, తర్వాతే టైమ్

క్యాలెండర్ తెరవకముందే ఒక చిత్తు కాగితం మీద పేర్లు రాసుకోండి. ఈ మనిషి లేకపోతే నిర్ణయం ఆగిపోతుందా? అయితే తప్పనిసరి. వచ్చి ఒక మాట చెబితే బాగుంటుంది కానీ రాకపోయినా పని నడుస్తుందా? అయితే ఆప్షనల్. జరిగింది తెలిస్తే చాలా? అయితే పిలవకండి, మీటింగ్ అయ్యాక నాలుగు లైన్లు మెయిల్ పెట్టండి. పెళ్ళికైతే ఒక్క ఇల్లు మర్చిపోయినా పదేళ్ళు ఎత్తిపొడుస్తారు, మీటింగ్ సంగతి వేరు, పిలవనందుకు లోపల సంతోషపడేవాళ్ళే ఎక్కువ.

ఇప్పుడు కంప్యూటర్‌లో ఈవెంట్, అంటే క్యాలెండర్‌లో మనం పెట్టే మీటింగ్, తెరిచి, కుడివైపు 'యాడ్ గెస్ట్స్' అన్న చోట మెయిల్ ఐడీలు వేయండి. ఫోన్‌లోనూ చేయొచ్చు కానీ అన్ని ఆప్షన్లూ ఒకే చోట కనబడాలంటే కంప్యూటరే నయం. పేరులో రెండు అక్షరాలు కొట్టగానే అదే కొన్ని పేర్లు చూపిస్తుంది, ఇక్కడే జాగ్రత్త. మాకు తెలిసిన శ్రీనివాస్‌లు ముగ్గురు, ఇద్దరు ఆఫీసువాళ్ళు, ఒకరు ప్రింటింగ్ పని చేసిచ్చే బయటి మనిషి. ఒకసారి మా అకౌంట్స్ శ్రీనివాస్ అనుకొని ఆ బయటి మనిషికి జీతాల మీటింగ్ ఇన్వైట్ పంపాను. ఆయన మర్యాదస్తుడు, "సార్, నన్ను కూడా పిలిచిన్రు, రావాల్నా?" అని ఫోన్ చేశాడు. అప్పటి నుంచి పేరు కాదు, దాని కింద చిన్నగా ఉండే మెయిల్ ఐడీ చదివాకే ఎంటర్ కొడుతున్నాను.

ఆప్షనల్ చేయాలంటే లిస్టులో ఆ పేరు మీదికి మౌస్ తీసుకెళ్తే పక్కన చిన్న మనిషి బొమ్మ వస్తుంది, దాన్ని నొక్కితే పేరు కింద ఆప్షనల్ అని పడుతుంది. అవతలివాళ్ళకి పోయే ఇన్వైట్‌లో కూడా అది కనబడుతుంది. పెద్ద సార్‌ని ఆప్షనల్‌లో పెట్టొచ్చా అని నేను వారం రోజులు తెగ ఆలోచించాను, చివరికి నేరుగా అడిగేశాను. "అన్నిట్లో ఆప్షనల్ పెట్టు, నేను లేంది తెగనిదుంటే ముందు రోజు చెప్పు" అన్నారు. మీ సార్ ఏమంటారో మీరే అడిగి చూసుకోండి, నా మాట నమ్మి పెట్టేయకండి.

టీమ్ మొత్తానికి ఒక గ్రూప్ మెయిల్ ఉంటే ఒక్కొక్క పేరూ కొట్టక్కర్లేదు, ఆ గ్రూప్ ఐడీని గెస్ట్‌గా వేసేయొచ్చు. ఒక ఈవెంట్‌కి విడివిడిగా 200 మంది గెస్టుల వరకు వేయొచ్చు, మనలాంటి ఆఫీసులకి ఆ లెక్క దాకా రానే రాదు. అసలు చూడాల్సింది ఆ గ్రూప్‌లో ఇంకా ఎవరెవరు మిగిలి ఉన్నారన్నది. ఉద్యోగం మానేసి కరీంనగర్ పోయిన మనిషి బయటి మెయిల్ మా గ్రూప్‌లో ఎన్నాళ్ళుగానో అట్లాగే ఉంది, ప్రతి సోమవారం మా ఇన్వైట్ ఆయనకి పోతూనే ఉంది.

ఖాళీ టైమ్ వెతకడం

ఆఫీసు అకౌంట్‌లో ఈవెంట్ వివరాల పక్కనే 'ఫైండ్ ఎ టైమ్' అని ఒక ట్యాబ్ ఉంటుంది. గెస్టుల పేర్లు వేశాక దాన్ని నొక్కితే అందరి రోజూ పక్కపక్కన నిలువు వరసల్లో కనబడుతుంది, ఎవరు ఎప్పుడు బిజీగా ఉన్నారో రంగు డబ్బాలు చెబుతాయి. పేర్ల కింద వచ్చే 'సజెస్టెడ్ టైమ్స్' నొక్కితే అందరికీ ఖాళీ ఉన్న టైములు అదే ఏరి చూపిస్తుంది. పేర్లు ముందు రాసుకోమన్నది ఇందుకే. టైమ్ ముందు అనుకొని తర్వాత మనుషుల్ని దానికి సర్దబోతే చివరికి అందరికీ ఫోన్లు చేయడమే మిగులుతుంది.

అయితే ఆ వరసలో ఖాళీగా కనబడ్డ ప్రతి మనిషీ నిజంగా ఖాళీగా ఉన్నట్టు కాదు. తన క్యాలెండర్‌లో ఏమీ రాసుకోని మనిషి పొద్దంతా ఖాళీగానే కనబడతాడు. మా ఫీల్డ్ వాళ్ళతో మొదట్లో ఇదే బాధ. ఏటూరునాగారం పోయినరోజు కూడా క్యాలెండర్ తెల్లగా ఉండేది, ఖాళీ అనుకొని మూడింటికి వీడియో మీటింగ్ పెడితే తాడ్వాయి అడవి దారిలో సిగ్నల్ లేక వాళ్ళు గొంతు చించుకునేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళకి చెప్పిందొకటే, ఆదివారం సాయంత్రం కూర్చొని వారంలో ఏ రోజు ఎక్కడ ఉంటారో క్యాలెండర్‌లో వేసుకోవాలి. రోజంతా ఉండే ఈవెంట్ వేసేటప్పుడు పక్కన 'ఫ్రీ', 'బిజీ' అని ఉంటుంది, అక్కడ 'బిజీ' పెట్టాలి. 'ఫ్రీ' మీద వదిలేస్తే ఈవెంట్ వేసి కూడా ఖాళీగానే కనబడతారు, ఇది చాలామందికి తెలియదు. సెలవు పెట్టినవాళ్ళు 'అవుట్ ఆఫ్ ఆఫీస్' వేసుకుంటే ఆ టైమ్‌లో వచ్చే మీటింగులకి అదే రానని జవాబు ఇచ్చేస్తుంది.

రూమ్ సంగతి కూడా ఇక్కడే. మా దగ్గర ఆరు కుర్చీల గది ఒక్కటే, దానికోసం కొట్లాటలు. ఆఫీసు గూగుల్ అకౌంట్లు చూసుకునే అడ్మిన్ ఆ గదిని క్యాలెండర్‌లో చేర్చి పెడితే మనిషిని పిలిచినట్టే గదిని కూడా పిలవొచ్చు, ఎవరు ముందు బుక్ చేసుకుంటే వాళ్ళది. ఇది వచ్చాక మా హెచ్‌ఆర్ మేడానికీ సేల్స్ వాళ్ళకీ మాటలు కలిశాయి.

మూడు టిక్కులు, ఒక కొటేషన్ కథ

గెస్టుల పేర్ల కింద 'గెస్ట్ పర్మిషన్స్' అని మూడు ఉంటాయి. 'మాడిఫై ఈవెంట్' అంటే గెస్టు కూడా టైమ్, వివరాలు మార్చగలడు. 'ఇన్వైట్ అదర్స్' అంటే గెస్టు ఇంకొకరిని పిలవగలడు. 'సీ గెస్ట్ లిస్ట్' అంటే ఇంకెవరెవరు వస్తున్నారో గెస్టుకి కనబడుతుంది. మనం ఏమీ ముట్టుకోకపోతే మామూలుగా మొదటిదానికి టిక్కు ఉండదు, మిగతా రెండింటికీ ఉంటుంది. ఆఫీసు లోపలి మీటింగులకి అది సరిపోతుంది.

బయటివాళ్ళు ఉంటే సరిపోదు. కొత్త కుర్చీలు, టేబుళ్ళ కోసం ముగ్గురు డీలర్లతో మాట్లాడాలనుకున్నాం. నేను తెలివిగా ఒకే ఈవెంట్‌లో ముగ్గురినీ వేసి, ఒక్కొక్కరికి అరగంట అని వివరంలో రాశాను. గంటలోపే వరంగల్ చౌరస్తా దగ్గరి డీలర్ ఫోన్ చేసి నవ్వుతున్నాడు, "సార్, మీరు ఎవరెవర్ని పిలిచిన్రో సూసిన, ఆళ్ళు ఎంత చెప్తరో కూడా నాకు ఎరికే." బేరం అక్కడే సగం పోయింది. 'సీ గెస్ట్ లిస్ట్' టిక్కు తీసేస్తే పేర్లు కనబడవు నిజమే, కానీ ఇట్లాంటి వాటికి ఎవరి ఈవెంట్ వాళ్ళకి వేరుగా పెట్టడమే మంచిదని నాకు ఆ రోజు అర్థమైంది. ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకి వచ్చేవాళ్ళని పిలిచేటప్పుడు కూడా ఇంతే, ఒక అభ్యర్థి మెయిల్ ఇంకో అభ్యర్థికి కనబడకూడదు.

ఇంకోటి, మీటింగ్ పేరు. ఆఫీసులో ఒకరి క్యాలెండర్ ఒకరికి వివరాలతో సహా కనబడేలా సెట్టింగ్ ఉంటే, మీరు పిలవని మనిషి కూడా మీ మీటింగ్ పేరు చదవగలడు. "ఇద్దరిని తీసేసే విషయం" లాంటి పేరు పెట్టి, కింద విజిబిలిటీ దగ్గర 'ప్రైవేట్' చేయడం మర్చిపోయారంటే మధ్యాహ్నం టీ టైమ్‌కల్లా బండి దగ్గర అదే చర్చ. బయటి కంపెనీలో పనిచేసే మా దోస్తు ఒకాయన కళ్ళారా చూసిన ముచ్చట ఇది.

వివరాల డబ్బాలో మూడు లైన్లు చాలు, దేని గురించి, ఎవరు ఏం తెచ్చుకోవాలి, చివరికి ఏం తేలాలి. ఫైలు తగిలిస్తే, గెస్టులకి దాన్ని తెరిచే అనుమతి లేకపోతే సేవ్ చేసేటప్పుడే అడుగుతుంది, అప్పుడే ఇచ్చేయండి. లేదంటే మీటింగ్ మొదలయ్యాక "యాక్సెస్ ఇయ్యండన్నా" అని పది రిక్వెస్టులు వస్తాయి.

'సెండ్' నొక్కే ముందు, నొక్కిన తర్వాత

సేవ్ కొట్టగానే గెస్టులకి మెయిల్ పంపాలా అని అడుగుతుంది, 'సెండ్' లేదా 'డోంట్ సెండ్'. మొదటిసారి అయితే ఆలోచించక్కర్లేదు, 'సెండ్'. గందరగోళం అంతా మార్పులు చేసేటప్పుడే. వివరంలో ఒక అక్షరం సరిచేసినా ఇదే ప్రశ్న వస్తుంది, దానికి కూడా పంపుతూ పోతే జనం మన మెయిళ్ళు చదవడమే మానేస్తారు. అందుకని నేను అక్షరం తప్పులకి 'డోంట్ సెండ్', టైమ్, చోటు, లింక్ మారితే 'సెండ్' అని పెట్టుకున్నాను.

ఈ లెక్క నాకు ఉత్తగా రాలేదు. ఒక బుధవారం మీటింగ్‌ని పొద్దున తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం రెండింటికి మార్చి, ఏదో ధ్యాసలో 'డోంట్ సెండ్' నొక్కాను. గూగుల్ క్యాలెండర్ వాడేవాళ్ళకి వాళ్ళ క్యాలెండర్‌లో టైమ్ మారింది కానీ మెయిల్ పోలేదు. మెయిల్ రాకపోతే ఎవరు చూస్తారు? వేరే క్యాలెండర్ వాడేవాళ్ళకైతే ఆ మార్పు అసలు చేరకపోవచ్చు కూడా. మహబూబాబాద్ నుంచి ఇద్దరు పొద్దున్నే బస్సెక్కి తొమ్మిదింటికే దిగారు. ఐదు గంటలు. మధ్యాహ్నం అన్నం నా ఖర్చే.

వారం వారం వచ్చే మీటింగ్‌ని మార్చేటప్పుడు ఇంకో ప్రశ్న ఉంటుంది, ఈ ఒక్కదానికేనా, ఇది మొదలు తర్వాత వాటన్నిటికా, మొత్తం అన్నిటికా అని. ఒక్క వారం కోసం మార్చబోయి అన్నిటికీ నొక్కారంటే ఏడాది మొత్తం జరిగిపోతుంది, తర్వాత సర్దుకునేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. కొత్తగా చేరినవాళ్ళని కలిపేటప్పుడు నేను 'ఇది మొదలు తర్వాతవి' అన్నదే ఎంచుకుంటాను, పాత మీటింగులతో వాళ్ళకి ఏం పని?

జవాబుల లెక్క

వస్తాను, రాను, చూద్దాం. గెస్టు ముందు ఈ మూడు ఉంటాయి, 'యెస్', 'నో', 'మేబీ'. ఏదీ నొక్కనివాళ్ళు నాలుగో రకం, మా దగ్గర వాళ్ళే ఎక్కువ. ఈవెంట్ తెరిస్తే ఎంతమంది ఏమన్నారో పైన లెక్క కనబడుతుంది, గెస్టులు తమ జవాబుతో పాటు ఒక ముక్క రాయొచ్చు, వేరే టైమ్ కూడా అడగొచ్చు. వేరే టైమ్ అడగొచ్చని మా వాళ్ళకి చెప్పాక ఫోన్లు సగం తగ్గాయి.

జవాబు రాకపోతే వాట్సాప్‌లో తిట్టడం కంటే, ఈవెంట్‌లో గెస్టుల పేర్ల దగ్గర కవరు బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కితే అక్కడి నుంచే మెయిల్ రాయొచ్చు. నేనైతే ముందు రోజు నాలుగింటికి జవాబు ఇవ్వనివాళ్ళకి ఒకటే లైన్ పంపుతాను, "వీలు కాకపోతే 'నో' నొక్కండి, ఏమీ అనుకోను." మనవాళ్ళకి రాను అని చెప్పడానికి మొహమాటం, ఆ మొహమాటంతోనే 'యెస్' నొక్కి రాకుండా ఉంటారు. 'నో' అంటే తప్పు కాదని పెద్ద సార్ ఒకసారి అందరి ముందు చెప్పాకే మా లెక్క నిజం పలకడం మొదలుపెట్టింది.

"నాకు ఇన్వైట్ రాలే" అన్న మాట ఒక్కోసారి నిజమే అవుతుంది. గూగుల్ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో ఎవరు పంపిన ఇన్వైట్లు క్యాలెండర్‌లోకి రావాలో ఎంచుకునే చోటు ఉంది, అందరివీ, తెలిసినవాళ్ళవి మాత్రమే, లేదా మెయిల్‌లో జవాబు ఇచ్చాకే అని. రెండోది పెట్టుకున్న మనిషికి మీతో ఇంతకుముందు మెయిల్ పరిచయం లేకపోతే మెయిల్ పోతుంది కానీ క్యాలెండర్‌లో ఏమీ కనబడదు, పంపినవాళ్ళు తెలుసని నొక్కితేనో జవాబు ఇస్తేనో వస్తుంది. స్పామ్ కూడా ఒకసారి చూడమనండి.

ఇంకో చిన్న సంగతి. గూగుల్ వాళ్ళ వీడియో మీటింగ్, గూగుల్ మీట్‌లో ఇన్వైట్ ఉన్న ఐడీతో వచ్చినవాళ్ళు మామూలుగా నేరుగా లోపలికి వచ్చేస్తారు, లేనివాళ్ళు తలుపు దగ్గర ఆగి అడగాలి. ఆఫీసు ఐడీకి ఇన్వైట్ పోయి, ఆ మనిషి సొంత జీమెయిల్‌తో తెరిస్తే ఆగిపోతాడు, లోపల మీరు మాటల్లో ఉండి చూసుకోరు. ఫీల్డ్ వాళ్ళు ఏ ఐడీ ఫోన్‌లో పెట్టుకున్నారో అడిగి దానికే ఇన్వైట్ పంపండి.

అవతల అవుట్‌లుక్ ఉంటే

గూగుల్ నుంచి పంపిన ఇన్వైట్ అవుట్‌లుక్‌లో తెరుచుకుంటుంది, అటుదీ ఇటు తెరుచుకుంటుంది. రెండూ ఐక్యాలెండర్ అనే ఒకే పద్ధతిని పాటిస్తాయి, 1998లో మొదటిసారి రాసిన ఆ పద్ధతిని 2009లో సవరించారు. కాబట్టి అవతలివాళ్ళు ఏది వాడతారో అని టెన్షన్ పడక్కర్లేదు.

అవుట్‌లుక్‌లో గెస్టుల్ని 'రిక్వైర్డ్', 'ఆప్షనల్' అని మొదట్లోనే రెండు గడుల్లో వేస్తారు, ఖాళీ టైములు 'షెడ్యూలింగ్ అసిస్టెంట్'లో చూస్తారు. జవాబు ఇచ్చేటప్పుడు మాత్రం ఒక గుంత ఉంది. 'యాక్సెప్ట్' నొక్కాక జవాబు పంపాలా వద్దా అని అడుగుతుంది, అక్కడ పంపవద్దని ఎంచుకుంటే మీ క్యాలెండర్‌లో మీటింగ్ పడుతుంది కానీ పిలిచినవాళ్ళకి మీరు ఒప్పుకున్నట్టే తెలియదు. క్లయింట్ వైపు మేడం రెండు నెలలు అట్లాగే చేశారు, ఆమె రారేమో అని మేము ప్రతిసారీ గుండె పట్టుకొని కూర్చునేవాళ్ళం, ఆమె మాత్రం ప్రతిసారీ మాకంటే ముందే లైన్‌లో ఉండేవారు.

న్యూజెర్సీ గడియారం

అమెరికావాళ్ళతో వారం వారం మీటింగ్ ఉంటే ఇది జాగ్రత్తగా చదవండి. వాళ్ళు మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. మనం ఏమీ జరపం. న్యూజెర్సీలో పొద్దున 11 అంటే ఎండాకాలం మనకి రాత్రి 8:30, చలికాలం 9:30. ఈవెంట్‌లో టైమ్ పక్కనే 'టైమ్ జోన్' ఉంటుంది, అక్కడ ఎవరి టైమ్ పెడితే వాళ్ళకి మారదు, గంట మార్పు రెండోవైపు వాళ్ళ మీద పడుతుంది. ఇండియా టైమ్‌లో పెడితే నవంబర్ నుంచి వాళ్ళకి పదింటికి మారిపోతుంది, ఈస్టర్న్ టైమ్‌లో, అంటే న్యూజెర్సీ టైమ్‌లో పెడితే మనమే గంట ఆలస్యంగా ఇంటికి పోతాం. ఎవరు సర్దుకోవాలన్నది సాఫ్ట్‌వేర్ తేల్చే విషయం కాదు, అక్టోబర్‌లోనే అడగండి. మేము అడగలేదు. నవంబర్ మొదటి సోమవారం మా వాళ్ళు ఆరుగురు ఎనిమిదిన్నరకి లైన్‌లో కూర్చొని, ఎవరూ రాక, తొమ్మిదికి లాగవుట్ అయ్యి ఇళ్ళకి పోయారు, క్లయింట్ తొమ్మిదిన్నరకి వచ్చి ఖాళీ స్క్రీన్ చూశారు.

మన పండగల సంగతి కూడా అవతలివాళ్ళకి తెలియదు. రెడీమేడ్ సెలవుల క్యాలెండర్ మీద ఆధారపడకుండా, మన ప్రాంతం రోజులు విడిగా వేసుకోండి. సద్దుల బతుకమ్మ రోజు సాయంత్రం నాలుగు తర్వాత మా ఆఫీసులో ఆడవాళ్ళెవరూ ఉండరు, పద్మాక్షి గుట్ట వైపు రోడ్లు కూడా ఖాళీ ఉండవు. మేడారం జాతర రెండేళ్ళకోసారి, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు జరిగింది, ఆ నాలుగు రోజులే కాదు, ముందు వారం కూడా ములుగు దారిలో తిరిగేవాళ్ళని మీటింగ్‌కి హనుమకొండ రమ్మనడం వృథా. 2028 తేదీలు ప్రకటించగానే నేను చేసే మొదటి పని వాటిని టీమ్ క్యాలెండర్‌లో 'బిజీ'గా వేయడం.

రద్దు, అప్పగింత

రద్దు చేస్తే డిలీట్ కొట్టి, అడిగినప్పుడు 'సెండ్' అనండి, ఒక లైన్‌లో కారణం రాయండి. ఆఖరి గంటలో రద్దయితే మెయిల్‌తో పాటు ఫోన్ కూడా చేయాలి, దారిలో ఉన్న మనిషి మెయిల్ చూడడు.

మీరు ఉద్యోగం మారుతున్నా, ఆ పని ఇంకొకరికి పోతున్నా, వారం వారం నడిచే మీటింగుల్ని వాళ్ళ పేరు మీదికి మార్చండి. ఈవెంట్ తెరిచి పైన ఉన్న ఇతర ఆప్షన్లలో 'చేంజ్ ఓనర్' నొక్కి వాళ్ళ ఐడీ ఇస్తే మెయిల్ పోతుంది, అందులో వాళ్ళు ఒప్పుకోవాలి. నా కంటే ముందు ఈ పని చూసిన అక్క పోయేటప్పుడు ఇది చేయలేదు. శుక్రవారం రివ్యూ ఆమె పేరు మీదే ఉండిపోయింది, నేను గెస్టుని, 'మాడిఫై ఈవెంట్' టిక్కు లేదు, మీటింగ్‌కి వచ్చే తొమ్మిది మందిమీ ఆ టైమ్ మార్చలేకపోయాం. చివరికి పాతదాన్ని ఎవరూ పట్టించుకోవద్దని మెయిల్ పెట్టి, నేను కొత్తది పెట్టుకున్నాను.